నలభై ఏడో నంబరు చెయ్యి

లోపమున్న కుక్కర్లతోపాటు అవి కాల్చిన చేతుల్ని కూడా కంపెనీ వెనక్కి తీసుకుంటోందని తెలిసిన రోజున, విజయవాడ సింగ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే హైమావతి సంతోషం పట్టలేక వీధి వీధంతా తిరిగి చెప్పింది. మార్చిలో కుక్కరు మూత ఎగిరి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కంపెనీకి ఎన్నిసార్లు ఫోను చేసినా పాట వినిపించింది తప్ప మనిషి పలకలేదు. ఇప్పుడు పేపర్లోనే జాబితా వేశారు. ఆమె చెయ్యిది నలభై ఏడో నంబరు.

"నా ముఖం ఎప్పుడు తీసుకుంటారంటక్కా?" ఎదురింటి ఖైరున్నీసా ఆత్రంగా అడిగింది. అదే రకం కుక్కరు ఆమె చెంప కాల్చింది.

"ముఖాలు రెండో విడతంట. కంగారుపడకు, కనుక్కొస్తాగా."

కల్యాణమండపంలో శిబిరం పెట్టారు. షామియానా, మజ్జిగ, మైకులో పాటలు. పట్టుచీర కట్టుకొచ్చిన హైమావతి బిల్లు చూపించింది. ఉద్యోగి మచ్చను టేపుతో కొలిచి, కుక్కరు నంబరుతో సరిచూసి, మోచేతి దగ్గర రెండు తిప్పులు తిప్పి, నొప్పి తెలియకుండా చెయ్యి ఊడదీశాడు. థర్మోకోల్ పెట్టెలో పెట్టి చీటీ అంటించాడు.

"కొత్తది ఎప్పుడిస్తారు బాబూ? శ్రావణమాసం వస్తే పెళ్ళిళ్ళ జాకెట్లు వచ్చిపడతాయి."

"తీసుకోవడం వరకే మా పనమ్మా. ఇవ్వడం వేరే విభాగం."

"అదెక్కడుంది?"

"ఇంకా పెట్టలేదమ్మా. ఇక్కడ సంతకం చెయ్యండి."

'ఈ కంపెనీ వల్ల కలిగిన గాయమేదీ నా ఒంటిమీద లేదు' అని కాగితంలో ఉంది. హైమావతి రెండుసార్లు చదివింది. కత్తెర ఎలా పట్టుకోవాలా అని ఒక్క క్షణం ఎడంచేతి వేళ్ళు ఆడించి చూసుకుంది. ఒళ్ళంతా చూసుకుంది. ఎక్కడా కాలిన మచ్చ లేదు. రాసినదాంట్లో అబద్ధం కనిపించలేదు. ఎడంచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది.

సాయంత్రం మేనేజరు మైకు అందుకున్నాడు. "ఈ క్షణం నుంచి మన నగరంలో మా కుక్కరు కాల్చిన చెయ్యి ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు!"

మండపం హోరెత్తిపోయింది. చప్పట్లు కొట్టే వీలు లేక జనమంతా కాళ్ళతో నేలను దబదబా బాదారు. హైమావతి అందరికన్నా గట్టిగా బాదింది.