ఇంటింటికీ ఒక మంగలికత్తి

రేషన్ కార్డు మీద బియ్యం ఇస్తున్నట్టే ఇంటికొక మంగలికత్తి కూడా ఇవ్వాలని నేను ప్రభుత్వాన్ని గట్టిగా డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి! వాడి పారేసే ప్లాస్టిక్ రేజర్ గురించి కాదు నేను మాట్లాడేది. మడత విప్పితే చూసేవాడి గుండె ఝల్లుమనే అసలు సిసలు కత్తి. దానితో సొంత గడ్డం సొంత చేత్తో గీసుకోవడం మొదలుపెడితే మనిషి జీవితమే మారిపోతుంది.

నాది మారిపోయింది. నెలన్నరగా నేర్చుకుంటున్నాను. ఇప్పటికి గాట్లు పదిహేడు, అందులో చెవి మీదవి రెండు. గడ్డం చెవి మీద మొలుస్తుందా అని అడగకండి. నేర్చుకునేవాడిని అలాంటి ప్రశ్నలు అడగకూడదు.

నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే జగదీశ్‌ని. సొంతూరు పాన్‌గల్. మా నాన్న భీమయ్య ఎనభై దాటినా ఇప్పటికీ అక్కడే సేద్యం చేస్తున్నాడు. నలభై ఏడేళ్లు వచ్చేదాకా నా గడ్డం నేను గీసుకున్న పాపాన పోలేదు. అలాంటి నేను ఉన్నట్టుండి ఆన్‌లైన్‌లో ఒక చెక్క పెట్టె తెప్పించుకున్నాను. అందులో కత్తి, బ్రష్షు, గంధం సబ్బు, పూర్వీకుల గొప్పతనం గురించి నాలుగు పేజీల పుస్తకం ఉన్నాయి. ఇక ఈ జన్మలో కటింగ్ షాపు గడప తొక్కకూడదన్నది నా పట్టుదల. ఎందుకంత పట్టుదల అంటారా? అది కాస్త ఇబ్బందికరమైన సంగతి. ముందు లాభాలు చూద్దాం.

ఫోన్ బెడద పోతుంది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే నూట నలభై గుడ్ మార్నింగులు వస్తాయి. ఒక్కటి చూడకపోయినా సాయంత్రం గేటు దగ్గర అడుగుతారు. కానీ చెంప మీద కత్తి ఉండగా ఫోన్ చూసే మగాడు ఈ భూమ్మీద ఉన్నాడా? ఉంటే వాడికి ముక్కు ఉండదు.

ఇంట్లో శాంతి నెలకొంటుంది. మా ఆవిడ ఉమారాణి పెళ్లయిన ఇరవై ఏళ్లలో నాతో ఇంత మెల్లగా మాట్లాడింది లేదు. గ్యాస్ అయిపోయిందన్న మాట కూడా బాత్రూం తలుపు బయట నిలబడి గుసగుసగా చెబుతోంది. గట్టిగా అంటే నేను ఉలిక్కిపడతానని భయం. ఏ కౌన్సెలింగ్ సెంటర్ సాధిస్తుంది ఈ మార్పు?

ఇక ఆరోగ్యం. వీడియోల్లో తెల్లవాళ్లు బెలూన్‌కు నురుగు రాసి దాని మీద ప్రాక్టీస్ చేయమంటారు. బెలూన్ ఢామ్మంటే నా బీపీ ఏమైపోవాలి? అందుకని మన పద్ధతిలో లేత సొరకాయతో మొదలుపెట్టాను. సొరకాయకు నూగు ఉంటుంది, మెడ ఉంటుంది, పైగా ఎంత గీసినా కిక్కురుమనదు. వారంలో ఆరు సొరకాయలకు నున్నగా షేవింగ్ చేశాను. ఆ వారమంతా మా ఇంట్లో సొరకాయ కూరే! ఎంత కడిగినా గంధం వాసన పోలేదు. మనం అన్నం తింటున్నామా, స్నానం చేస్తున్నామా అని ఉమారాణి అడిగితే నేను వినిపించుకోలేదు.

కాలేజీలో గౌరవం కూడా పెరిగింది. మొహం నిండా దూది అంటించుకుని వెళ్తే ప్రిన్సిపాల్ ఒక్క మాట అనకుండా ఇన్విజిలేషన్ డ్యూటీ తీసేశాడు. తోటి లెక్చరర్లయితే చుట్టూ చేరి, ఎంత గొప్ప కళ సార్, ఎంత ఓపిక కావాలి సార్ అంటూ ఫొటోలు దిగారు. తరతరాలుగా ఇదే పని చేస్తున్నవాళ్లతో ఎవరైనా ఫొటో దిగగా నేను చూడలేదు. వాళ్లు చేస్తే కులవృత్తి, నేను చేస్తే కళ. బాగుంది కదూ!

ఇంతలో కత్తి మొండిబారింది. అయితే ఏం? రైతుబిడ్డకు పదును పెట్టడం ఒకరు నేర్పాలా? పాన్‌గల్ వెళ్లి మా నాన్న కొడవళ్లు నూరే రాయి తెచ్చుకున్నాను. వరికోతల ముందు ఆయన ఎలా నూరతాడో అచ్చం అలాగే గొంతుక్కూర్చుని, నీళ్లు చిలకరించి, అరగంట బరబరా నూరాను. పక్కింటి కుక్క లేచి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం కుడి చెంప ఎలాగో గట్టెక్కింది. ఎడమ చెంప మీద పెట్టగానే కత్తి గీయడం మానేసి పీకడం మొదలుపెట్టింది. అద్దంలో చూసుకుంటే మొహంలో ఒక సగం పెళ్లికి పోతున్నట్టు, ఇంకో సగం దినాలకు పోతున్నట్టు ఉంది. ఇంట్లో ఇంకో రేజర్ లేదు. తెల్లారితే క్లాసు. కరోనా నాటి మాస్కు ఒకటి వెతికి పెట్టుకుని, కత్తిని తువ్వాలలో చుట్టుకుని, ఏ గడప తొక్కకూడదనుకున్నానో ఆ గడపకే బయలుదేరాను.

ఇప్పుడిక ఆ ఇబ్బందికరమైన సంగతి చెప్పక తప్పదు.

పాత బస్టాండు దగ్గర హన్మంతు కటింగ్ షాపులో పందొమ్మిదేళ్లుగా నాకు గడ్డం గీసింది హన్మంతే. కాపురం అమరచింతలో. ఆయన కూతురు సౌందర్యకు ఈ ఏడు వనపర్తిలో నర్సింగ్ సీటు వచ్చింది. కాలేజీ మా కాలనీ వెనకే. ఆ పిల్ల చీకటితో లేచి, ఆత్మకూరులో బస్సు మారి రావాలి. బస్సు తప్పి ఇప్పటికే రెండుసార్లు ప్రాక్టికల్స్ పోయాయి. ఇంకోసారి పోతే పరీక్షకు కూర్చోనివ్వబోమని చెప్పారట.

మా కాలనీలో నాలుగు ఇళ్లకు టు-లెట్ బోర్డులున్నాయి. హన్మంతు మూడు ఇళ్లకు వెళ్లి అడిగాడు. ముగ్గురు ఓనర్లూ మంచినీళ్లిచ్చి, మర్యాదగా కూర్చోబెట్టి, "మీరేమోళ్లు?" అని కులం అడిగారు. ఆయన దాచకుండా చెప్పాడు. చెప్పగానే ముగ్గురికీ గద్వాల నుంచి చుట్టాలు దిగుతున్న సంగతి గుర్తొచ్చింది! ఆ చుట్టాలు ఏ బస్సెక్కారో గానీ ఇంకా రాలేదు. బోర్డులు గాలికి ఊగుతూనే ఉన్నాయి.

నాలుగో బోర్డు మాది.

అది మాదని ఆయనకు తెలుసు. అయినా గడ్డం గీస్తూ, మీ కాలనీలో ఎవరిదైనా ఉంటే చూడండి సార్ అని మాత్రమే అన్నాడు. నేను "చూస్తాను హన్మంతు" అన్నాను. చూస్తాను! ఎంత చక్కని మాట! అందులో అవునూ లేదు, కాదూ లేదు. నేను చెడ్డవాడిని కాదండీ, కాలనీవాళ్లు ఏమంటారోనని భయం, అంతే. కానీ ఆ తర్వాత వారం వారం ఆయన ముందు గొంతు చాచి కూర్చోవడానికి మొహం చెల్లలేదు. అందుకే ఆ చెక్క పెట్టె, పూర్వీకుల గొప్పతనం, ఆరు సొరకాయలూ.

షాపులో మాస్కు తీయగానే బెంచీ మీదివాళ్లు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అలాగే ఒకాయన నా సగం మొహం చూస్తూ, ఆ కత్తి ఎక్కడ కొన్నారో లింకు పెట్టమన్నాడు. హన్మంతు మాత్రం నవ్వలేదు. నెలగా ఎందుకు రాలేదని అడగలేదు. ఎడమ చెంప రెండు నిమిషాల్లో పూర్తిచేసి, నా కత్తిని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గిది కత్తి గాదు సార్. నూరి నూరి కొడవలి జేసిండ్రు."

నేర్చుకోవాలనే ఉంటే మంగళవారం మీ ఇంటికే వచ్చి నేర్పుతానన్నాడు. మంగళవారం మన దగ్గర కటింగ్ షాపులుండవు, ఆయనకు ఖాళీ. ఆ రోజు ఒక్క వెంట్రుక కూడా తెగకూడదు కాబట్టి కత్తిని తిరగేసి వీపుతోనే చేయి తిప్పడం నేర్పుతానన్నాడు. సరేనన్నాను.

మంగళవారం సాయంత్రం హన్మంతు వచ్చాడు. ఇప్పటి షాపుల్లో అన్నీ సగం బ్లేడ్లే కాబట్టి, అసలు కత్తులున్న వాళ్ల తాతనాటి తోలు పొదిని చంకలో పెట్టుకుని మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి వచ్చాడు. నేను సోఫాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొహానికి నురుగు పూసుకుంటున్నాను. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, మేమెంత పొరపాటు చేశామో!

మంగళవారం పూట పొది చంకన పెట్టుకుని ఆ మనిషి ఒక ఇంట్లోకి వెళ్లాడంటే మా వైపు ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు.

పది నిమిషాల్లో కాలనీ గ్రూపు నిండా దండాలే! ఎవరు పోయారని అడిగే ఓపిక ఎవరికుంది? ఇంట్లో పెద్దాయనే అయ్యుంటాడని వాళ్లే తేల్చేశారు. మా గృహప్రవేశం ఫొటోలోంచి మా నాన్నను కత్తిరించి, చుట్టూ బంతిపూల దండ వేసి, చివర దీపం కూడా వెలిగించారు. బిజినేపల్లి నుంచి మా చిన్నాయన కొడుకు నిజం దండతోనే బస్సెక్కేశాడు. ఇంతలో పాన్‌గల్ నుంచి ఫోను.

"నేనెప్పుడు సచ్చిన్రా?" అన్నాడు మా నాన్న. "నాకైతే ఎవ్వలు జెప్పలే."

ఆయనకు సర్దిచెప్పేలోపే గేటు ముందు ట్రాలీ ఆగింది. అరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక షామియానా, వెనకే కాలనీ సంఘం సెక్రటరీ నాగేశ్, ఆయన వెనక ముప్పై మంది దిగులు మొహాలు. మా కాలనీ ఐకమత్యం అలాంటిది! లోపలికొచ్చి చూస్తే నేను తెల్లటి నురుగుతో, పక్కన హన్మంతు టీ కప్పుతో.

ఎవరూ పోలేదండీ, గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నానని చెప్పాను. సంతోషించాలా వద్దా? ఒక నిండు ప్రాణం దక్కింది కదా! ఒక్క మొహం విచ్చుకోలేదు. అందరి చూపూ సోఫా మీదే ఉంది. నాగేశ్ నన్ను పక్కకు పిలిచాడు. పిలిచింది పక్కకే గానీ ఆయన గొంతు మైకు లేకుండా మూడు వీధులకు వినపడుతుంది.

"ఇంట్ల మనిషి పోతే వేరే సంగతి సార్. గట్లయితే వీళ్లు వస్తరు, వాకిట్ల పని జేస్తరు, పోతరు. గిట్ల సోఫల కూసోబెడితే రేపు కాలనీకి ఇజ్జత్ ఏముంటది?"

కుర్చీలు మళ్లీ ట్రాలీ ఎక్కాయి. హన్మంతు అంతా విన్నాడు. సగం తాగిన టీ కింద పెట్టి, షురూ చేద్దామా సార్ అన్నాడు.

తల వెనక్కి వాల్చమన్నాడు. కత్తి వీపు నా గొంతు మీద ఆనింది. ఇక్కడ అసలు మాట్లాడకూడదని, గొంతుముడి కదిలితే రేపు పదునైన కత్తి జారుతుందని, ఇప్పటినుంచే అలవాటు చేసుకోమని చెప్పాడు. కింద నుంచి పైకి మెల్లగా ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పుతూ, మామూలుగా అడిగాడు.

"మీ పైపోర్షన్ ఇంక ఖాళీనేనా సార్?"

నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. రంగులు వేయించాలి. గద్వాల నుంచి మా బావమరిది వస్తున్నాడు. చూస్తాను. మూడూ ఒకేసారి గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. గురువు మాట్లాడొద్దన్నాడు మరి! పెదవి కదిపితే శిష్యుణ్ని కాకుండా పోతాను.

వంటింటి గుమ్మంలోంచి ఉమారాణి అంది.

"జూన్ల నుంచి ఖాళీనే ఉన్నది హన్మంతన్నా. మా సారు చెప్పలేదా?"

కత్తి ఒక్క క్షణం ఆగింది.

"అడిగిన్నమ్మా. చూస్తనన్నరు."

ఉమారాణి నా వైపు చూసింది. ఇరవై ఏళ్లలో చాలా చూపులు చూశాను గానీ అలాంటిది చూడలేదు. సౌందర్యను రేపే తీసుకొచ్చి పైపోర్షన్ చూపించమని హన్మంతుతో చెప్పి, మేకుకున్న తాళంచెవి తీసి ఆయన పొది పక్కన పెట్టింది. పందొమ్మిదేళ్లు ఆయన చేతికి గొంతు అప్పగించి కునుకు తీసినవాడిని నేను. ఆ చేతికి ఒక తాళంచెవి ఇవ్వడానికి భయపడ్డాను. సిగ్గేసింది. నురుగు ఉంది కాబట్టి మొహం కనపడలేదు, అదొక లాభం.

నిన్న ఆదివారం వాళ్ల సామాను దిగింది. రెండు మంచాలు, ఒక బీరువా, సౌందర్య పుస్తకాల సంచులు. మోయడానికి కాలనీలో ఒక్క మనిషి బయటికి రాలేదు. మొన్న అరవై కుర్చీలు మోసుకొచ్చిన చేతులన్నీ కిటికీ తెరల వెనకే ఉండిపోయాయి. బీరువా నేనూ హన్మంతూ ఎక్కించాం. మా ఇంట్లో ఎవరూ చావకుండానే వచ్చినందుకు ఆయన్ని మా కాలనీ ఇంకా క్షమించలేదు.