హెవీ రెయిన్ దాంపత్య సంరక్షణము

స్వస్తిశ్రీ రాక్షస నామ సంవత్సర శ్రావణ మాసమున, కృష్ణవేణీ తరంగ శీతలమగు బెజవాడ మహానగరమందు, లారీధూమ ధూసరితమైన గవర్నర్‌పేటలో, కార్బనుకాగిత సహస్ర మర్దనుడును టైపురైటరు కుంజరారూఢుడును అగు తిరుపతిరావు అను గుమాస్తా కలడు. ఇంగ్లీషు మాటలు విడివిడిగా అతనికి అన్నీ వచ్చు. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో మాత్రం పాపం తెలియదు.

లారీ ఆఫీసు యజమాని వెంకటకృష్ణారావుగారి రక్తవర్ణ పెన్సిలు, మద్రాసు పోవు ప్రతి ఉత్తరమందును అతని ‘బిగ్ రెయిన్’నూ ‘ఫుల్ ఫీవర్’నూ ఖండఖండములు గావించుచుండెను.

“ఇంకొక్క ఎర్రగీత పడిందంటే నిన్ను మైలవరం గోడౌనుకు పంపేస్తానయ్యా!” అన్నారాయన.

భార్య శివపార్వతి బెజవాడలో కుట్టుపని క్లాసులో చేరి నెలైనా కాలేదు. మైలవరం వెళితే అది కాస్తా మూలపడుతుంది.

“ఓసీ ఆంగ్లభాషా! పెద్ద వానను పెద్ద వాన యనుట నేరమా? ఏ శాస్త్రమున గలదీ కట్టడి?” అని ఆ సాయంకాలము వీరుడు ఇంట గర్జించెను.

శివపార్వతి కత్తెర కింద పెట్టింది. “శాస్త్రం కాదండీ, సంసారం. ఫలానావిడకి ఫలానాయనే మొగుడెందుకయ్యాడని మనమేమన్నా అడుగుతామా? మన పక్క వాటాల వాళ్ళనే తీసుకోండి. లావుపాటి బసవయ్యగారు హెవీ, వాళ్ళావిడ రావమ్మగారు రెయిన్. పొడుగాటి కాశీరావుగారు హై, ఎప్పుడూ దుప్పటి కప్పుకునుండే దానమ్మగారు ఫీవర్. జంటలుగా గుర్తుపెట్టుకోండి, అంతే.”

మరునాడు కుంభవృష్టి. లారీ ఒంగోలులో నిలిచిపోయెను. మద్రాసుకు ఉత్తరము కొట్టవలసి వచ్చెను. పూర్వవాసనాబలమున వీరుని వేలు ‘బి’ మీట మీదికి లంఘించినంతనే, బసవయ్యగారు గుమ్మంలో నోరెళ్ళబెట్టి చూస్తూండగా రావమ్మగారు ‘బిగ్’ అను పరాయివాడి స్కూటరెక్కి బందరు రోడ్డున పోవు ఘోరదృశ్యము కన్నులకు గట్టెను!

“హరహరా! నా కంఠమున ప్రాణముండగా ఈ కాపురము కూలనిత్తునా?” అని హుంకరించి ‘హెచ్’ మీటను మోదెను. పక్క బల్ల గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.

యజమాని ఉత్తరము రెండుమార్లు చదివెను. ఎర్రపెన్సిలు లేచెను, గాలిలో నిలిచెను, తుదకు ఆయన చెవి గోకెను. “ఊఁ” అని సంతకం పెట్టారు.

సాయంత్రం వీధి మొదట్లో బసవయ్యగారూ రావమ్మగారూ ఒకే గొడుగు కింద ఎదురయ్యారు. తిరుపతిరావు వానలోనే నిలబడి చేతులు జోడించాడు.

“ఏంటండీ కొత్తగా?” అన్నారు బసవయ్యగారు.

“మీరిద్దరూ ఎప్పుడూ ఇలాగే కలిసుండాలండీ,” అన్నాడు.

ఇట్లు పదిహేను మాటల ఉత్తరమున ఒక్క ఎర్రగీతయు పడకుండుటచే మైలవరము పరాజితమాయెను. దిక్కులు మ్రోగెను. మరునాడు శివపార్వతి క్లాసుకు వెళ్ళి జాకెట్టుకు చేతులు కుట్టడం నేర్చుకుంది.