తొమ్మిదో ఎపిసోడ్ దాకా అన్నాచెల్లెళ్లు

టీవీ డ్రామాల్లో అన్నాచెల్లెళ్లు ప్రేమలో పడటం దేశానికి ఎంతో మంచిది. ఏడాదికి కనీసం నాలుగు జంటలైనా పడి తీరాలి. వాళ్లంతట వాళ్లు పడకపోతే ప్రభుత్వమే పూనుకుని పడేయాలి!

ముఖం చిట్లించకండి. నేను ఊరికే నోరు పారేసుకునే మనిషిని కాను. కజెహామ పట్టణ కార్యాలయంలో కుటుంబ రిజిస్టర్ల కౌంటర్ దగ్గర కూర్చునే కుసకబెను. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని పెంచుకున్నారో, ఎవరు ఎవరితో తెగతెంపులు చేసుకున్నారో అంతా నా వెనక బీరువాల్లో ఉంటుంది. మధ్యలో నన్ను నీళ్ల శాఖకూ, చెత్త శాఖకూ తిప్పారు. రిటైరయ్యాక మళ్లీ పిలిచి, మొదట కూర్చున్న కుర్చీలోనే సగం హోదాతో కూర్చోబెట్టారు. ఒకప్పుడు నా కింద పనిచేసిన హొజుమి గారు ఇప్పుడు నాకు సెక్షన్ హెడ్. ఆవిడకు చట్టం కంఠతా వచ్చు. డ్రామాలు మాత్రం చూడరు.

ఇప్పుడు ఈ వ్యాసం ఎందుకంటారా? మా వీధి తోఫు దుకాణం చిగుసా గారు పోయిన నెల ఒక బుధవారం నా కౌంటర్ ఖాళీగా ఉన్నా నన్ను దాటుకుని హొజుమి గారి దగ్గరకు వెళ్లారు. నాతో చెప్పుకోలేని పని ఆవిడకు ఏముంటుంది? ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతి తోఫు తింటున్నవాణ్ణి! ఆ గాయం సంగతికి వస్తాను. ముందు డ్రామాలు చేసే మేలు చెప్పనివ్వండి.

ఇంట్లో పుట్టే ప్రేమకు మన డ్రామాల్లో ఒక క్రమశిక్షణ ఉంది. మొదటి ఎపిసోడ్‌లో చెల్లెలు టోక్యో నుంచి రైలు దిగుతుంది. అన్న గొడుగు పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. వాన పడుతుంటుంది. వాన లేకపోతే ప్రేమే లేదు! మూడో ఎపిసోడ్‌లో ఇద్దరి వేళ్లూ సోయా సాస్ సీసా దగ్గర తగులుతాయి. మూడు నిమిషాలు పియానో. అయిదో ఎపిసోడ్‌లో అన్న తన పళ్లెంలోని చివరి ఆమ్లెట్ ముక్క తీసి చెల్లెలి పళ్లెంలో పెడతాడు. దేశమంతా ముక్కు చీదుతుంది. ఇంత జరిగినా ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి 'నువ్వంటే నాకు ఇష్టం' అనరు. అనేస్తే పదకొండు వారాలు ఎలా గడవాలి?

ఎనిమిదో ఎపిసోడ్‌లో నాయనమ్మ నోరు తెరుస్తుంది. 'నిజానికి మీరిద్దరూ...' అంటుంది. వాక్యం సగంలో ఉండగానే ప్రాణం విడుస్తుంది. మిగతా సగం తొమ్మిదో ఎపిసోడ్‌లో ఒక పాత బిస్కెట్ల డబ్బాలో దొరుకుతుంది. అది మరేమిటో కాదు, మా శాఖ ఇచ్చిన కుటుంబ రిజిస్టర్ నకలు! ఇద్దరికీ రక్తసంబంధం లేదట! ఆ అమ్మాయి, నాన్నగారి రెండో భార్య వెంట వచ్చిన పిల్లట! ఆ క్షణంలో నేను మా హాల్లో నిటారుగా కూర్చుంటాను. నా జీవితంలో నా శాఖకు దక్కే గౌరవం అదొక్కటే.

ఇక కథ సుఖాంతమే అనుకునేవాళ్లకు డ్రామా చూడటం రాదని అర్థం. రక్తం అడ్డం లేదు సరే, లోకం లేదూ? పదకొండో ఎపిసోడ్‌లో అన్న ఓడ ఎక్కుతాడు. చెల్లెలు రేవులో తడుస్తూ నిలబడుతుంది. చెయ్యి కూడా ఊపదు.

దీనివల్ల కలిగే మేలు ఒకటా రెండా? మా ఇల్లే చూడండి. నాకూ మా ఆవిడ ఫుసాయెకూ పెళ్లయి ముప్పై రెండేళ్లు. 'స్నానం', 'అన్నం', 'నిద్ర' అనే మూడు మాటలతో మా సంసారం ఒడిదుడుకులు లేకుండా సాగిపోతోంది. మంగళవారం డ్రామా వచ్చినప్పుడు మాత్రం పెద్ద సంభాషణే జరుగుతుంది.

"ఏడుస్తున్నారా?"

"లేదు. జలుబు."

"నాకూ జలుబే."

మా పెళ్లిరోజున కూడా ఇంత అన్యోన్యంగా మాట్లాడుకోలేదు!

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన ఇళ్లలో ఎవరి గుట్టు వాళ్లు దాచుకుంటారు. అలాంటి జనాన్ని మా కౌంటర్ దాకా నడిపించింది ఈ డ్రామాలే. తొమ్మిదో ఎపిసోడ్ మర్నాడు మా ఆఫీసు చూడాలి! ఈసారి పడవలు బాగుచేసే ఒక పెద్దమనిషి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"మా తమ్ముడు నిజంగా మా తమ్ముడేనా, కాస్త చూసి చెప్పండి."

"తమ్ముడేనండి. ఒకే అమ్మ, ఒకే నాన్న."

"పాత రిజిస్టర్లో కూడా చూశారా? వెనక పేజీ?"

"చూశాను."

"ఖర్మ! అయితే వాణ్ణి ఇంకా నేనే భరించాలన్నమాట."

ఆయన వెనకే ఒక కోడలు పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "మా అత్తగారికీ నాకూ రక్తసంబంధం ఏమీ లేదు కదండీ?" లేదమ్మా అన్నాను. "ఆ ముక్క రాసిచ్చి స్టాంపు వేస్తారా?" అంది. ఇంత ఆశ, ఇంత ఉత్సాహం మా కార్యాలయానికి మరే పథకం తెచ్చిపెట్టింది చెప్పండి?

సరిగ్గా ఆ బుధవారమే తోఫు దుకాణం వాళ్లు వచ్చారు.

వాళ్ల గురించి రెండు మాటలు చెప్పాలి. ఒరిహర తత్సుజి గారికి అరవై ఒకటి, చిగుసా గారికి యాభై ఎనిమిది. తత్సుజి తల్లి పోయాక తండ్రి మారుపెళ్లి చేసుకుంటే, ఆ వచ్చినావిడ చెయ్యి పట్టుకుని ఏడేళ్ల చిగుసా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. తోఫు పెద్దాయన ఆ పిల్లకు తన ఇంటిపేరు ఇచ్చి సొంత కూతురిలాగే పెంచాడు. తర్వాత ఆ అన్నకు పెళ్లి కాలేదు, ఈ చెల్లెలికీ కాలేదు. ఆయన సోయా గింజలు రుబ్బి పాలు విరగ్గొడతాడు, ఆవిడ తోఫు కోసి నీళ్లలో వదులుతుంది. కొట్టుకు చచ్చే పిల్లలకు మా ఊరి తల్లులు ఆ దుకాణం చూపించి 'అన్నాచెల్లెళ్లంటే అలా ఉండాలి' అని చెబుతారు. మా పిల్లలకు నేనూ చూపించాను.

చిగుసా గారి అమ్మ ఈ వసంతంలో తొంభయ్యో ఏట పోయింది. నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా అయింది. ఆ కాగితాల కోసమే వచ్చారనుకుని నేను లేచి నిలబడి "రండి, రండి" అన్నాను. చిగుసా గారు నాకు తల వంచి నమస్కరించి, పక్క కౌంటర్‌కు వెళ్లిపోయారు. తత్సుజి గారు దుకాణం రబ్బరు బూట్లు చప్పుడు చేసుకుంటూ వెంట నడిచారు.

నేను చెవులు మూసుకునే మనిషిని కాను.

"ఒక సంగతి అడగాలండీ," అన్నారు చిగుసా గారు. "ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు. అమ్మ వేరు, నాన్న వేరు. ఇంటిపేరు మాత్రం ఒకటే. అలాంటివాళ్లు..." అక్కడ ఆగిపోయారు.

తత్సుజి గారు తన బూట్ల వైపు చూస్తూ పూర్తి చేశారు. "పెళ్లి చేసుకోవచ్చా అని."

నా పెన్ను కింద పడింది. హొజుమి గారు తల కూడా ఎత్తలేదు. సొరుగు లాగి ఒక ఫారం తీసి వాళ్ల ముందు పెట్టారు.

"చేసుకోవచ్చండి. ఇక్కడ మీ పేర్లు, ఇక్కడ ఇద్దరు సాక్షుల సంతకాలు."

"అంతేనా?"

"అంతేనండి."

"తప్పు కాదా?"

"కాదండి. మీరిద్దరూ పుట్టకముందు నుంచీ చట్టం ఇంతే. ఎవరైనా కాదన్నారా?"

మొత్తం నాలుగు నిమిషాలు! పదకొండు వారాలు, మూడు తుపాన్లు, ఒక నాయనమ్మ ఖర్చయ్యే కథను ఆవిడ నాలుగు నిమిషాల్లో తేల్చేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నట్టు! ఇలాంటి మనుషుల్ని మొదటి ఎపిసోడ్‌లోనే కూర్చోబెడితే పరిశ్రమ ఏమైపోవాలి? పియానో వాయించేవాళ్ల పిల్లలు ఏం తినాలి?

నేను ఇలా ఆవేదన పడుతుండగా చిగుసా గారు నా వైపు తిరిగారు.

"కాదన్నారండీ," అన్నారు. "ముప్పై ఒక్క ఏళ్ల కిందట, ఈ ఆఫీసులోనే. అదిగో, ఆయనే."

"నేనా!" అన్నాను.

"మీరే. నా స్నేహితురాలు అడగమందని చెప్పి అడిగాను. ముందు రోజు ఏ డ్రామా చూశారో ఏమో, మీ కళ్లు ఇంతలావు వాచి ఉన్నాయి. 'మీ స్నేహితురాలికి టీవీ పిచ్చి ముదిరినట్టుందమ్మా! అన్నాచెల్లెళ్లకి పెళ్లేంటి, సిగ్గుండక్కర్లా?' అని పెద్దగా నవ్వారు. వెనక కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. దుకాణంలో నాకు మెత్తటి తోఫు కావాలా గట్టిది కావాలా అని అడిగే గొంతే.

"ఇంటికెళ్లి అన్నయ్యతో కుదరదట అని చెప్పాను. సరే అని, మర్నాటికి గింజలు నానబోశాడు."

పాఠకులారా, నాకు ఆ రోజు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ ఏడాది నేను చూసిన డ్రామా మాత్రం బాగా గుర్తుంది. చివరి ఎపిసోడ్‌లో అన్న వేసుకున్న స్వెటర్ రంగు కూడా చెప్పగలను. ఆ ఇద్దరి కోసం రెండు రుమాళ్లు తడిపాను. చట్టం పుస్తకం నా కుర్చీ వెనక అరలో ఉండేది, చెయ్యి చాపితే అందేది. నేను చెయ్యి చాపలేదు.

నడుం పట్టేసేదాకా వంగి నిలబడ్డాను. ఏమని క్షమించమనాలి? అప్పటి ఇరవై ఏడేళ్ల పిల్లకు పోయిన ఏళ్లను ఏ ఫారం నింపి తిరిగి ఇవ్వగలను?

"లేవండి కుసకబె గారూ," అన్నారు తత్సుజి గారు. "ఒకే ఇంట్లో ఉన్నాంగా. రోజూ కలిసే తిన్నాం. కాకపోతే గోడకి అటు ఒకరం, ఇటు ఒకరం."

ఆ మాటకు హొజుమి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడకు జలుబు చేయగా చూడటం నాకు అదే మొదలు.

చిగుసా గారు ఫారం తెచ్చి నా కౌంటర్ మీద పెట్టారు. "సాక్షులు కావాలటగా. మొదటి సంతకం మీరు పెట్టాలి. అప్పుడు నోటితో కాదన్నారు, ఇప్పుడు చేత్తో ఔననండి."

తప్పు గడిలో రాసి మొదటి ఫారం పాడుచేశాను. రెండోది తీసుకుని, నా పేరు బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాను. రెండో సంతకం ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ పెట్టింది. పెడుతూ నా వైపు ఒక చూపు చూసింది. ఆ పూట మా ఇంట్లో మూడు మాటలు కూడా లేవు.

ఇప్పుడు మా ఊరి తల్లులకు పెద్ద చిక్కు వచ్చి పడింది. పోట్లాడుకునే పిల్లలకు ఎవరిని చూపించాలి? చింత చచ్చినా పులుపు చావలేదని ఒకావిడ దుకాణం ముందే అందట. "చావలేదమ్మా, ఇంకా బోలెడు ఉంది," అని తత్సుజి గారు ఆవిడ పొట్లంలో ఒక తోఫు ముక్క ఎక్కువ వేశారట. ఇక అన్నయ్య అని పిలవడం మానాలేమో అని నేను చట్టరీత్యా ఒక సలహా ఇవ్వబోయాను. "యాభై ఒక్క ఏళ్ల నోరండీ, మీ సలహాలు విని మార్చుకోను. ఒకసారి విన్నది చాలు," అన్నారు చిగుసా గారు. కొత్త పెళ్లికూతురు బాగా నవ్వింది. ఈసారి నవ్వు ముందు మొదలుపెట్టింది ఆవిడే.

వాళ్ల సంగతి ఇలా బయటపెట్టొచ్చా అంటారేమో. రాయమన్నది ఆవిడే. "అడగడానికి భయపడే వాళ్లు ఇంకెవరైనా ఉంటే చదువుకుంటారు," అన్నారు. హొజుమి గారు దానికీ ఒక ఫారం నింపించారు.

కనుక నేను నా మాట మీదే నిలబడుతున్నాను. ఈ డ్రామాలు దేశానికి మంచివి, నాలాంటివాళ్లకు మరీ మంచివి. వాటిలో ప్రేమికులను విడదీసేది ఎప్పుడూ విధి, వాన, లోకం. చూసేవాళ్లం నిశ్చింతగా ఏడవొచ్చు. నలభై ఏళ్లుగా ఒక్క ఎపిసోడ్ వదలకుండా చూస్తున్నాను. కౌంటర్ వెనక కూర్చుని, పుస్తకం తెరవకుండా నవ్వి పంపించిన గుమాస్తా ఇంతవరకూ ఒక్క డ్రామాలోనూ కనిపించలేదు. ఆ దర్శకులందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.