నా గొంతుకు నాతో పని లేదు

గొంతు పోయిన మనిషంత సుఖపడే మనిషి లోకంలో ఉండడు. ఈ మాట డాక్టరు చెబితే నమ్మకండి, నేను చెబుతున్నాను కాబట్టి నమ్మండి. నా గొంతు పోయింది. జలుబు చేసి కాదు, వయసు మీద పడీ కాదు. ఒక యంత్రం పట్టుకుపోయింది. అక్కడ నిక్షేపంలా ఉంది, పగలూ రాత్రీ మాట్లాడుతూనే ఉంది. నేను ఇక్కడ కాళ్ళు బారజాపుకుని ఉల్లిపాయ సూపు తాగుతున్నాను. ఇంతకంటే ఏం కావాలో మీరే చెప్పండి.

నా పేరు సబీన్ కుర్తదోన్. మీకు తెలియదు. తెలియకపోవడం మీ తప్పు కాదు, నా వృత్తే అలాంటిది. నా ముఖం మీరు చూసి ఉండరు గానీ నా గొంతు వినని ఇల్లు ఫ్రాన్సులో లేదు. ఆదివారం మధ్యాహ్నం తిన్న కోడి అరుగుతుండగా మీరు సోఫాలో వాలి ఉంటారు. టీవీలో ఎవరో అమెరికా ఆవిడ చక్కటి ఫ్రెంచిలో మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోతున్నానని చెబుతుంది. ఆ వెళ్ళిపోయేది నేనే.

నాక్కూడా ఒకప్పుడు ముఖం ఉండేది సుమండీ! ఏడేళ్ళప్పుడు ‘పిండిమర పిల్ల’ అనే టీవీ సీరియల్లో మరవాడి కూతురిగా వేశాను. ముందుపళ్ళు రెండూ ఊడిన నా నవ్వు చూసి దేశమంతా మురిసిపోయింది. బిస్కెట్ డబ్బాల మీద నా బొమ్మ వేశారు. తీరా అందరి పిల్లలకూ జరిగే ఘోరమే నాకూ జరిగింది. పళ్ళు మొలిచాయి.

నిర్మాతగారు నా నోట్లోకి తొంగిచూశారు. తర్వాత మా అమ్మవైపు తిరిగి, "ఎంత పని చేశారు మేడమ్," అన్నారు. ఆవిడేదో రోజూ నీళ్ళుపోసి ఆ పళ్ళను పెంచినట్టు! అక్కడితో నా ముఖం పని అయిపోయింది. మీలో ఎంతమంది ఎనిమిదో ఏట రిటైరయ్యారు?

అలా వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిపడ్డాను. చీకటంటే డబ్బింగ్ గది. ఎదురుగా తెర, నడుమెత్తున ఒక ఇనుప కడ్డీ. ఆ కడ్డీ పట్టుకుని నిలబడాలి. తెర కింద మాటలు రాసిన పట్టీ ఒకటి ఆగకుండా జరిగిపోతూ ఉంటుంది. తెర మీద ఒక నిలువు గీత ఉంటుంది, దాని దగ్గరికి ఏ మాట వస్తే ఆ మాట పలకాలి. పెదాలు ఎక్కడ మూయాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, అన్నిటికీ పట్టీ మీద గుర్తులుంటాయి. ఊపిరికి కూడా గుర్తా అని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. చివరికి నా కథంతా ఆ గుర్తు దగ్గరికే వచ్చి ఆగింది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నలభై దాటేదాకా నేను మగపిల్లవాణ్ణి. అనాథ కుర్రాళ్ళు, పేపర్లు వేసే కుర్రాళ్ళు, ఒక ఉడుత, ఇద్దరు యువరాజులు. నిజమైన మగపిల్లలతో ఒక చిక్కుంది. సరిగ్గా సినిమా రెండో భాగం వచ్చేసరికి వయసొచ్చి వాళ్ళ గొంతు పగిలి కూర్చుంటుంది. నాది పగలదు కదా! పెళ్ళికి ముందు మా ఆయన నన్ను చూడ్డానికి ఒకసారి స్టూడియోకి వచ్చాడు. నేను కడ్డీ పట్టుకుని, అమ్మ కోసం ఏడ్చే చిన్న కుర్రాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాను. పాపం, పెళ్ళి వసంతకాలం దాకా వాయిదా వేశాడు.

ఆ రోజుల్లోనే నాకు అమెరికా తార డెబోరా దొరికింది. డెబోరా లాన్స్‌కూమ్ అంటే చాలు, మీకు ముఖం గుర్తొస్తుంది. గొంతు గుర్తొస్తే అది నాది. మన దగ్గర ఒక తారకు ఒకటే గొంతు. మారిస్తే జనం ఊరుకోరు, దేశాధ్యక్షుణ్ణి మార్చినా ఇంత గొడవ చేయరు. అలా ముప్పై ఏళ్ళు కాపురం చేశాం, ఆవిడ ముఖమూ నా గొంతూ. ఒక్కసారీ కలుసుకోలేదు. నేనొకదాన్ని ఉన్నానని ఆవిడకు తెలుసో లేదో కూడా తెలియదు.

నాకు మాత్రం నా ఒంటికంటే ఆవిడ ఒళ్ళే ముఖ్యం. ఆవిడ మంచం పడితే నా నోటి దగ్గర రొట్టె పోయినట్టే. ఒకసారి మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుందని విని, మా వీధి చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను.

"ఎవరికి బాగాలేదమ్మా?" అని ఫాదర్ అడిగారు.

"నా ముఖానికండీ," అన్నాను.

ఫాదర్ నా ముఖంకేసి కాసేపు చూసి, ప్రార్థన చేస్తానని మాటిచ్చారు.

ఇక రొట్టెల కొట్టు సంగతి చెప్పాలి. బోంజూర్ అని నమస్కారం చెప్పకుండా కొట్లో అడుగుపెట్టినవాణ్ణి మనం మనిషి కింద జమకట్టం కదా. మేడమ్ పెలిసియే కొట్లోకి వెళ్ళి నేను బోంజూర్ అనగానే, వరుసలో ఉన్న తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగేవి. నన్ను చూసి కొంచెం నిరాశపడేవి, అది వేరే సంగతి. మేడమ్ పెలిసియే మాత్రం చేతులకున్న పిండి దులుపుకుంటూ ముందుకొచ్చేది.

"మొన్న సినిమాలో ఆ లాయరును భలే కడిగేశారండీ. మా ఆయన్ని కూడా ఓసారి అలా కడిగేయండి, రొట్టె ఊరికే ఇస్తాను."

"ఏం చేశాడు పాపం?"

"ఏం చేయలేదు. అందుకే."

ఇంత వైభవం అనుభవించాక వరం ఎలా వచ్చిందో వినండి. మా స్టూడియోల్లో మర్యాదలుండవు, పరిచయమైన మరుక్షణం అందరికందరూ ‘నువ్వే’. మా డైరెక్టర్ తీబో నాకు కొడుకు వయసువాడు, వాడూ నన్ను నువ్వనే అనేవాడు. ఒకరోజు నాకు కుర్చీ లాగి, "మీరు కూర్చోండి సబీన్," అన్నాడు.

మీరా? మన దేశంలో స్నేహితుడు ఉన్నట్టుండి మీరు అన్నాడంటే, వాడికి కోపమైనా వచ్చి ఉండాలి, మనకు ఉద్యోగమైనా పోయి ఉండాలి. తీబో ముఖంలో కోపం లేదు.

"మీరు చాలా కష్టపడ్డారు. ఇకమీదట మీరు రానక్కర్లేదు. మీ గొంతు వస్తుంది, అది చాలు."

ముప్పై ఏళ్ళు నేను మాట్లాడిందంతా ఒక యంత్రానికి తినిపించారట. నన్ను అడిగారా అని మీరు అడుగుతారు. తినడానికి వచ్చేవాళ్ళను అడుగుతారు గానీ, కుండలోకి వెళ్ళే కోడిని అడుగుతారటండీ?

నిష్పక్షపాతంగా మాట్లాడదాం. ఆ యంత్రం నాకంటే ఎందులో తక్కువ? దానికి చలికాలం దగ్గు రాదు. కాఫీకని పోయి కబుర్లలో పడదు. ‘డెబోరా ఇలా అనదు, ఈ వాక్యం మార్చండి’ అని పేచీ పెట్టదు. మధ్యాహ్నం భోజనానికి రెండు గంటలు కావాలనదు. అన్నిటికంటే ముఖ్యం, అది సమ్మె చేయదు. ఈ గడ్డ మీద సమ్మె చేయని ప్రాణి పుట్టిందంటే అది అద్భుతం కాక మరేమిటి?

పైగా నా గొంతు ఎంత వృద్ధిలోకి వచ్చిందో చూడండి! నేనేదో సినిమాలతో సరిపెట్టుకున్నాను. అది పరుపులు అమ్ముతోంది. లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయని జాగ్రత్త చెబుతోంది. పంటి డాక్టరు దగ్గరికి వెళితే, దయచేసి కూర్చోమని నాకు నేనే చెప్పాను. మేడమ్ పెలిసియే కొట్లో డబ్బులు పుచ్చుకునే పెట్టె వచ్చింది, అదీ నేనే. తెల్లారింది మొదలు బోంజూర్, బోంజూర్ అంటూనే ఉంటుంది. ఇప్పుడు నేను వెళ్ళి బోంజూర్ అంటే ఒక్క తలా తిరగదు. పెట్టే అనుకుంటారు. వరుసలో నిలబడి, వంతు వచ్చాక రొట్టె కొనుక్కుంటున్నాను. నడుముకు మంచిదట.

నాకొక్కదానికే ఈ అదృష్టం పడితే మీరు అసూయపడేవారు. రెజీస్ వోద్వాయేకు కూడా పట్టింది. డెబోరాకు తెరమీద ఎంతమంది మొగుళ్ళో, వాళ్ళందరి గొంతూ రెజీస్‌దే. మేమిద్దరం కడ్డీ పట్టుకుని పక్కపక్కన నిలబడి ఎన్నిసార్లు విడిపోయామో లెక్కలేదు. మొన్న కాఫీ దుకాణంలో కనబడి గోల పెట్టాడు.

"నీకేం, నీ యంత్రాన్ని పడుచుదాన్ని చేశారు. నాదానికి గొంతులో గరగర కూడా నేర్పారు. నాకు గరగర ఎక్కడుంది?"

"ఉంది."

"ఉంటే ఉంది, వీళ్ళకెందుకు? ఫిర్యాదు చేద్దామని ఆఫీసుకు ఫోన్ చేశాను."

"ఏమన్నారు?"

"ఫోను ఎత్తింది నువ్వే. లైను ఖాళీ లేదు, వేచి ఉండమన్నావు. అంత తియ్యగా చెబితే పెట్టేయడానికి మనసు రాలేదు. కాఫీ చల్లారిపోయింది."

క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకేం చేయను?

ఇంతలో డెబోరా నటన మానేస్తున్నానని ప్రకటించింది. ఒక్క సినిమా, అదే ఆఖరుదట. ఇక్కడ మాత్రం హాస్యం పక్కనబెట్టి చెబుతున్నాను. ఆ సినిమా నాకు కావాలనిపించింది. ఆవిడతో కలిసి నవ్వాను, ఏడ్చాను, ఆ చీకటి గదిలో కడ్డీ పట్టుకుని ఆవిడ పిల్లల్ని కన్నాను. ఆవిడ వెళ్ళిపోతుంటే ఒక్క మాట చెప్పి పంపుకోవద్దా? వెళ్ళి తీబోను అడిగాను.

"మీరు అలసిపోతారు," అన్నాడు. యంత్రం చేత చెప్పించేశాడు.

సినిమా తయారయ్యాక కొంతమందిని పిలిచి చూపించారట. చివర్లో డెబోరా ఇంటి మెట్ల మీద కూర్చుని, ఊరు విడిచిపోతున్న కూతుర్ని సాగనంపుతుంది. దీపాలు వెలగగానే ఒకావిడ లేచి, "ఈ తల్లి మొదటినుంచీ చనిపోయే ఉందా?" అని అడిగింది. తనకూ అదే అనుమానం వచ్చిందని ఇంకొకాయన అన్నాడు. మన జనం సంగతి తెలుసు కదా! ఆ హాల్లో మృత్యువు గురించి చర్చ మొదలై సాయంత్రం దాకా సాగింది. తీబోకు ముచ్చెమటలు పోశాయి.

సంగతి ఏమిటంటే, ఆ తల్లి ఊపిరి తీసుకోవడం లేదు. యంత్రానికి తినిపించేముందు నా పాత రికార్డింగులన్నీ శుభ్రం చేశారట. అందులో చెత్త అనుకుని తీసి పారేసింది నా ఊపిరిని.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"సబీన్, ఎక్కడున్నావ్? నువ్వు రావాలి."

నువ్వు! ఎంత హాయిగా ఉందో చెవులకు. బ్యాగు తగిలించుకుంటూనే, "మళ్ళీ మొత్తం చెప్పాలా?" అన్నాను.

"అబ్బే, మాటలు బాగానే ఉన్నాయి. ఊపిరి ఒక్కటే కావాలి."

వెళ్ళాను. రెజీస్ కూడా అక్కడే ఉన్నాడు, మొగుడి ఆయాసం కోసం పిలిపించారు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. పట్టీ కదిలింది. దాని మీద మాటలు చెరిపేసి ఊపిరి గుర్తులు మాత్రమే ఉంచారు. మొదటి గుర్తు గీత దగ్గరికి వచ్చింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

"సబీన్, అక్కడ ఊపిరి తీసుకోవాలి," అంది అద్దం అవతలినుంచి తీబో గొంతు.

తెలుసన్నట్టు తలూపాను. తీసుకోలేదు. పట్టీ వెళ్ళిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ వెళ్ళిపోయింది.

"ఏమైంది నీకు?"

నా తరపున రెజీస్ చెప్పాడు. "సమ్మె."

"ఊపిరికి సమ్మె ఏమిటి రెజీస్?"

"రైళ్ళకు ఉండగా లేనిది ఊపిరికెందుకు ఉండకూడదు?"

ప్రాణం మీదికి తెచ్చుకున్నానని కంగారుపడకండి. మైకు ఆపినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని కావలసినంత పీల్చుకున్నాను. మైకు పెట్టగానే మళ్ళీ బిగబట్టాను. భోజనాల వేళ అయింది. భోజనాల వేళ దాటాక మన దేశంలో ఏ యజమానీ నిలబడలేడు. తీబో కూడా మనవాడే.

"ఏం కావాలో చెప్పు," అన్నాడు నీరసంగా.

"ఆఖరి సీను."

"మొత్తం కుదరదు, పైవాళ్ళు ఒప్పుకోరు. ఒక్క వాక్యం ఇవ్వగలను."

బేరమాడే ఓపిక నాకూ లేదు. ఆకలేస్తోంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టీ మీద మళ్ళీ రాశారు. మెట్ల మీద కూర్చున్న డెబోరా, సూట్‌కేసు పట్టుకున్న కూతురితో అంటుంది: "తలుపు వేసి వెళ్ళమ్మా, చలి వస్తోంది." అంతే. అందులో కవిత్వం లేదు, కన్నీళ్ళు లేవు.

తెరమీద ఆవిడ ముఖం పెద్దదైంది. ఎంత ముసలిదైపోయిందో ఆ రోజే చూశాను. ఊపిరి తీసుకున్నాను. ‘తలుపు వేసి’ దాకా బాగానే వచ్చింది. చలి దగ్గర నా గొంతు పగిలింది, అన్నేళ్ళు మగపిల్లల వేషాలు కట్టినా ఏనాడూ పగలని గొంతు.

"పగిలింది," అన్నాడు తీబో. "ఇంకోసారి చేద్దామా?"

"దాన్ని ముట్టుకున్నావంటే నా ఆయాసం నీకు దక్కదు," అన్నాడు రెజీస్.

ముట్టుకోలేదు.

కాబట్టి ఆ యంత్రం వరమేనని మళ్ళీ చెబుతున్నాను. సినిమా త్వరలో మీ ఊరికి వస్తుంది, వెళ్ళి చూడండి. సినిమా పొడుగునా గొంతు నున్నగా, పడుచుగా, మచ్చలేకుండా సాగిపోతుంది. ఆఖర్లో ఒక్క మాట దగ్గర గరగరమని విరుగుతుంది. యంత్రం చెడిపోయిందనుకుని ఆఫీసుకు ఫోన్ చేసేరు, చేయకండి. చేసినా లైను ఖాళీ లేదనే చెబుతాను.

అక్కడ విరిగింది యంత్రం కాదు, నేను.