మా అత్తగారి పరుపు కింద నిల్వలు

హామీ ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండనక్కరలేదు. ఇంతకన్నా గొప్ప ఆర్థిక సూత్రం ఈ భూమ్మీద ఇంకొకటి ఉందా? అప్పు ఇవ్వాలంటే డబ్బు కావాలి. దానం చెయ్యాలంటే మనసు కావాలి. హామీకి నోరుంటే చాలు!

మొన్న రేడియోలో మంత్రిగారు ఈ సంగతే విడమరిచి చెప్పారు. మన దీవి దగ్గరున్న డాలర్లతో ఏడు నెలలపాటు బియ్యం, పెట్రోలు, మందులు తెప్పించుకోవచ్చట. "మరి ఆ కొత్త హోటలువాళ్ల విదేశీ అప్పుకూ, ఓడల కంపెనీ అప్పుకూ మీరు పూచీ పడ్డారు కదా, వాళ్లు కట్టకపోతే?" అని ఎవరో అడిగారు. మంత్రిగారు నవ్వారు.

"అవి అప్పులు కావండీ. స్వల్పకాలిక సంభావ్య బాధ్యతలు. మీద పడొచ్చు, పడకపోవచ్చు. పడనివాటిని లెక్కలో ఎందుకు రాస్తాం?"

నేను చప్పట్లు కొట్టాను. ఆ సందట్లో పొయ్యి మీద కోకో పొంగిపోయింది. పోనివ్వండి, దేశం కన్నా కోకో ఎక్కువా?

నాకింత చప్పున ఎలా అర్థమైందంటారా? మా ఇంట్లోనే ఒక మంత్రి ఉన్నాడు. మా ఆయన సియావొసి. ఊరి పెద్దగా పట్టం కట్టించుకుని సభలో కూర్చునేవాడు. కర్ర పట్టుకుని లేచి మాట్లాడితే పక్క ఊరి కోళ్లు కూడా మేత మానేసి వింటాయి.

ఇక మా ఇంటి నిల్వ అంటే మా అత్తగారు ఫువాతినో నేసిన చాప. మొగలి ఆకును దారాల్లా చీల్చి, అక్కచెల్లెళ్లతో కూర్చుని మూడేళ్లు నేసింది. పట్టులా చేతిలోంచి జారుతుంది. అంచున ఎర్ర ఈకలు. అది ముగిసేసరికి ఆవిడ చూపు మందగించింది. ఆ చాపను పరుపు కింద పరిచి, పైన తను పడుకుంటుంది. "నేను పోయాక నా శవప్పెట్టె మీద కప్పేది ఇదే. ఇంకేదైనా కప్పారో, లేచి కూర్చుంటా" అని అందరికీ చెప్పి ఉంచింది.

మన దగ్గర పెళ్లయినా చావయినా చాపలు చేతులు మారక తప్పదు కదా. కిందటి నెల మా ఆయన మేనమామ మనవరాలి పెళ్లి మాటలు జరుగుతుంటే ఈయన లేచాడు. "చాపలు తగ్గితే మా ఇంటి పెద్ద చాప ఉంది!" జేజేలు. తరవాతి వారం చర్చి కొత్త భవనం ప్రతిష్ఠ గురించి సభ. "తగ్గితే మా పెద్ద చాప ఉంది!" మళ్లీ జేజేలు. ఆ తరవాత మేనల్లుడి వరసవాడికి పట్టం కట్టే ముచ్చట. చాప ఉంది!

"ఒక్క చాపను ముగ్గురికి చెప్పారేమిటండీ?" అన్నాను.

"ఇచ్చానా? తగ్గితే అన్నాను. ముగ్గురికీ ఒకేసారి తగ్గుతుందా, పిచ్చిదానా? అయినా ఇచ్చిన చాప ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఇస్తే అక్కడి పంపకంలో మళ్లీ మనకే వస్తుంది."

"మీ అమ్మను అడిగారా?"

"అమ్మ నిద్రపోతోంది."

చూశారా! నిల్వల మీద పడుకున్నవాళ్లను లేపకపోవడం కన్నా మంచి పరిపాలన ఏముంటుంది?

ఇంతలో ఊళ్లో అందరికన్నా పెద్ద పట్టం ఉన్న ముసలాయన కాలం చేశాడు. అంత పెద్దమనిషి ఊరికే పోతాడా? తన అంత్యక్రియల కోసం ప్రతి ఇంటి పరుపు కిందా ఖాళీ చేయించి మరీ పోయాడు. మా చిన్న చాపలూ వెళ్లాయి, అత్తగారి పెద్ద చాప ఒక్కటే మిగిలింది. దాంతో పెళ్లివారికి తగ్గాయి. చర్చికి తగ్గాయి. పట్టంవాళ్లకూ తగ్గాయి! ఒక్క వానకే ఊరంతా తడుస్తుందని మా ఆయనకు ఎవరూ చెప్పలేదు పాపం.

శనివారం పొద్దున మా గుమ్మం ముందు మూడు వ్యాన్లు ఆగాయి. పెళ్లివారు మర్యాదగా ఉప్పుమాంసం డబ్బాల పెట్టె కూడా తెచ్చారు. మా ఆయన వెళ్లి తల్లి మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, కాస్త లేస్తావా? పరుపు ఎండలో వేస్తాం."

"వానొచ్చేలా ఉంది కదరా."

"అయితే దులుపుతాం."

"ఒరేయ్, పరుపు దులపడానికి వ్యాన్లేసుకొచ్చారా? నాకు చూపే తక్కువ, చెవులు బాగానే ఉన్నాయి. చాప ఎవరికిచ్చావు?"

"ఇవ్వలేదమ్మా! తగ్గితే అన్నాను."

"ఎంతమందికి?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"తిరిగొస్తుందమ్మా. మహా అయితే రెండు నెలలు."

"అందాకా నన్ను చావకుండా ఉండమంటావా? దానికి హామీ ఎవడిస్తాడు, నువ్వేనా?"

వచ్చినవాళ్లను లోపలికి పిలవమంది. పిలిచాను. ఆవిడ లేవలేదు, పడుకునే చెప్పింది.

"నేసింది నేనూ, నా అక్కచెల్లెళ్లూ. వాళ్లు పోయారు. నన్నెవరూ అడగలేదు. మాటిచ్చినవాడు ఇదిగో, ఇక్కడున్నాడు. గట్టిగానే ఉన్నాడు. తీసుకుపొండి."

"మేం మూడు ఇళ్లవాళ్లం ఉన్నాం కదా పెద్దమ్మా?" అన్నాడు చర్చి డీకన్ మెల్లిగా.

"వంతులేసుకోండి. తిరిగొస్తాడుగా!"

అలా మా ఆయన పెళ్లిలో రాళ్ల పొయ్యి ముందు పందులు కాల్చాడు. చర్చి గోడలకు రంగు వేశాడు. పట్టంవాళ్ల ఇంట్లో గిన్నెలు తోమాడు. ఇప్పుడు సభలో లేస్తున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు, కూర్చుంటున్నాడు.

ఏమైనా హామీలంటే నాకు గౌరవమే. మంత్రిగారి లెక్కలో తప్పు పట్టడానికి నేనెవరిని? ఒక్క చిన్న సందేహం. ఆ ఏడు నెలల డాలర్లు దేశం పరుపు కిందికి ఎలా చేరాయి? కొన్ని మా అమ్మాయి లాంగీ న్యూజిలాండ్ తోటల్లో ఆపిల్ పళ్లు కోసి పంపింది. నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్లు పోయాయంటుంది ఫోనులో. కొన్ని మీ ఇంటి పిల్లలు పంపారు. హోటలువాడికి పూచీ పడేముందు వాళ్లలో ఎవరినైనా లేపి అడిగారా?

ఇదంతా రాసి మా అత్తగారికి చదివి వినిపించాను. "హోటలువాడూ ఓడలవాడూ ఒకేసారి చేతులెత్తేస్తే ఏం చేస్తాం అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ పరుపు మీద అటు తిరిగి పడుకుంది. కింద చాప ఉందో లేదో చేత్తో ఒకసారి తడుముకుంది.

"ఆ మంత్రికి రంగులెయ్యడం వచ్చేమో కనుక్కో" అంది. "హోటలు చాలా పెద్దదట కదా."