మైకెక్కిన టీకాల తగువు

పొద్దున్నే మైకులో ప్రకటన వేయాలి, టిఫిను తినాలి, చేపల వేటకు పోవాలి. ఆ రోజుకు తిమోతి వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడగొట్టడానికి పెద్దగా ఏమీ లేదని అతని నమ్మకం.

మైపాడు పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పల్లెలో చర్చి మైకు తిమోతి చేతిలో ఉంటుంది. అతని భార్య ఎవాంజెలిన్ ఆశా కార్యకర్త. ‘అంగన్‌వాడీలో పిల్లలకు టీకాలు వేస్తారు, అందరూ తీసుకురండి’ అని అతని ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది. పక్క పాలెంలో తట్టు లేచి ఒక పసివాడు ఆసుపత్రి పాలయ్యాడు. అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

తిమోతి ఆ ప్రకటన వేశాడు. అది అయిపోగానే బావమరిది పంపిన వీడియో ఒకటి కనబడింది. మైకు ఆపకుండానే నొక్కాడు. ‘ఈ సూదులు జనాభాను తగ్గించడానికి పన్నిన కుట్ర’ అని ఒక గంభీరమైన గొంతు పల్లెంతటికీ చెప్పింది. ఎవాంజెలిన్ గొంతు వెనకే వచ్చింది కాబట్టి ఇదీ ప్రభుత్వ ప్రకటనేనని అందరూ అనుకున్నారు. ప్రభుత్వం ఇంత నిజాయితీగా ఒప్పుకోవడం వాళ్ళకు నచ్చింది కూడా.

అంగన్‌వాడీకి ఒక్కరూ రాలేదు. నర్సమ్మ కరుణాకుమారి ఐసు పెట్టె పక్కన కూర్చుని దారి చూస్తూ ఉండిపోయింది.

“ఏమయ్యా, పక్క పాలెం బిడ్డకి వచ్చింది మన పిల్లోళ్ళకి రాదా? పోయి సరిచెయ్యి,” అంది ఎవాంజెలిన్. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి తిమోతి పరుగెత్తాడు.

ఫోనంతా వెతికి, కోటు వేసుకున్న పెద్దమనిషి వీడియో ఒకటి పట్టుకుని మైకులో పెట్టాడు. ‘టీకాల వల్లే పిల్లలు బతికి, జనాభా ఇంతగా పెరిగింది’ అన్నాడు పెద్దమనిషి. తిమోతి ఊపిరి పీల్చుకుని బయటికొచ్చేసరికి గుమ్మం ముందు జనం.

“తగ్గుద్దా, పెరుగుద్దా? ఏదో ఒకటి చెప్పు!” అన్నాడు బోటు యజమాని లాజరస్. “ఉండే చేపలే చాలట్లేదు. ఇంకా పెరిగితే ఏం తింటారు?”

“మొన్నటిదాకా గవర్నమెంటోళ్ళే ఇద్దరు చాలన్నారు. ఇప్పుడేమో పిల్లలు తక్కువయ్యారు, కనమంటుండారు,” అన్నాడు బెన్హర్. “ఎవురి మాట నమ్మేది?”

“నా మాట నమ్మండన్నా. నా పిల్లలిద్దరికీ అన్ని సూదులూ ఏయించినా,” అన్నాడు తిమోతి.

“అందుకే ఇద్దరితో ఆగిపోయినావు,” అన్నాడు లాజరస్.

తగువు పెద్దల ముందుకొచ్చిందంటే ఆ పూట బోటు దించకూడదని ఆ పల్లె కట్టుబాటు. పెద్దలు అంగన్‌వాడీ ముందు చాప పరిచారు. టీకాలు వచ్చాక పల్లె పెరిగిందో తగ్గిందో తేలాలంటే ముందు పిల్లల్ని లెక్కపెట్టాలని తీర్మానించారు. ఇళ్ళకు కబురు పోయింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. భార్య మొహం చూడలేక తిమోతి ఇసుక చూస్తూ నిలబడ్డాడు.

లాజరస్ తల్లి అబిగయీలు కర్ర ఊతంతో వచ్చింది.

“లెక్క కావాల్నా? నేను కన్నోళ్ళలో సగంమంది తట్టుకీ, కోరింత దగ్గుకీ పోయినారు. ఏసోబు పోయినాడు, మార్తమ్మ పోయింది. కడగొట్టోడికి పేరు కూడా పెట్టలేదు. వాళ్ళని ఏ లెక్కలో ఏస్తార్రా?” అని కొడుకునడిగింది. “ఉండేవాళ్ళు మిగల్రేమోనని ఇంకోడినీ, ఇంకోడినీ కన్నా. మిగుల్తారని తెలిస్తే నేనూ ఇద్దరితోనే ఆగుండనా?”

లాజరస్ కోడలు మామ వైపు చూడకుండానే బిడ్డను తీసుకెళ్ళి నర్సమ్మ ముందు కూర్చుంది. ఆమె వెనక వరస కదిలింది. వరస ముందే సిద్ధంగా ఉండడంతో కరుణాకుమారికి పని ఎన్నడూ లేనంత సులువైంది. మధ్యాహ్నానికి ఐసు పెట్టె ఖాళీ అయింది. ఎవాంజెలిన్ పొద్దుట్నుంచి మొదటిసారి మొగుడి వైపు చూసి నవ్వింది.

లెక్క మాత్రం తేలలేదు. సూది పడ్డ ప్రతివాడూ ఏడుస్తూ తలో దిక్కుకు పారిపోవడంతో, పెద్దలు తగువును వచ్చే టీకాల రోజుకు వాయిదా వేశారు.