స్కాలర్‌షిప్పు తెచ్చిన సిరి

దేశంలో పేదరికం ఎందుకు పోవడం లేదో తెలుసా? స్కాలర్‌షిప్పు అందుకున్న పిల్లలు దాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సంపాదనగా చూపించడం లేదు కాబట్టి! నమ్మకపోతే ఎమ్మిగనూరు వచ్చి తిప్పేస్వామిని అడగండి. నలభై ఏళ్లు మగ్గం నేసినా రాని సిరి ఆయనకు ఒక్క క్లిక్కుతో వచ్చింది.

ఆయన కూతురు హేమలత ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. పేదింటి పిల్ల, మంచి మార్కులు. ఒక ట్రస్టు ఆమె ఖాతాలో అరవై వేలు వేసింది. ఫీజుకు, హాస్టలుకు సరిగ్గా సరిపోయాయి. అయినా అంత డబ్బు గురించి సర్కారుకు చెప్పకపోతే ఎలా? తిప్పేస్వామి నిజాయితీపరుడు. కూతుర్ని వెంటబెట్టుకుని నెట్ సెంటర్ శేఖర్ దగ్గరికి వెళ్లాడు.

"ఇది యాడ రాయాల శేఖరా?"

"సంపాదనలో రాసేస్తే ఏ గొడవా ఉండదప్పా," అన్నాడు శేఖర్.

కట్టాల్సిన పన్ను సున్నా అని వచ్చింది. అయితేనేం, వంశంలో మొట్టమొదటి రిటర్ను! కొత్త చీర మగ్గం నుంచి దించినప్పుడు చేసినట్టే తిప్పేస్వామి ఆ కాగితానికి పసుపు కుంకుమ పెట్టి, పటం కట్టించి గోడకు తగిలించాడు. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది.

రెండో ఏడు డబ్బు ఇచ్చే ముందు ట్రస్టు తరఫున ప్రభుదాసు విచారణకు వచ్చాడు. మగ్గం చూశాడు, కారే రేకుల కప్పు చూశాడు, చివరికి పటం చూశాడు.

"మీ ఇంట్లో రిటర్ను వేసేటోళ్లుండారు. అట్లాంటి ఇంటికి దుడ్లియ్యను రూలు ఒప్పుకోదప్పా."

"అవి మీరిచ్చిన దుడ్లే కదా సారూ!"

"మేమిచ్చినవే. సదువుకిచ్చిన దుడ్లకు పన్నే లేదు, సంపాదనని ఎవురు రాయమన్నారు? ఇప్పుడు కాగితాల్లో మీ పాప సంపాదనపరురాలు."

చూశారా ఎంత గొప్ప ఏర్పాటో! పేదపిల్లకు డబ్బిచ్చి, ఆ డబ్బుతోనే పేద కాదని తేల్చేశారు. ఇంతకంటే త్వరగా ఎవరైనా పేదరికం పోగొట్టగలరా?

హేమలత ముందుకొచ్చింది. "మరి నేనేం జేయాల సార్?"

"ఈ ఏడు దుడ్లు రావు కాబట్టి రిటర్నూ ఉండదు. మళ్లీ పేదోళ్లయితారు. వచ్చే ఏడు అప్లికేషన్ పెట్టుకోమ్మా. కాకుంటే నడుమ సదువు ఆగిందంటే మాత్రం ఇయ్యం."

మర్నాడు హేమలత కాలేజీకి పోలేదు. పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. రోజుకు నూట యాభై. ఇది అచ్చమైన సంపాదన. దీన్ని ఎక్కడా చూపించమని ఎవరూ అడగరు!